ఇంట్లో ఒక్కడినే ఉండలేకపోయిన ఏడాది

ఫిబ్రవరి 18, ఆదివారం. కోయిలకుంట్ల, నా బావమరిది ఇల్లు. వాళ్ల అబ్బాయి నిశ్చితార్థం. ఉన్నవాళ్లు: నేను, నా భార్య లక్ష్మీదేవి, మా అబ్బాయి ప్రసాద్, బద్వేలు నుంచి లక్ష్మీదేవి అక్క చెన్నమ్మ, చెన్నమ్మ కొడుకు గంగాధర్, బావమరిది కుటుంబం, పెళ్లికూతురి తరఫువాళ్లు.

ఆ రోజు డైరీలో ఇంతవరకే ఉంది. కింద పేజీ ఖాళీ. ఎక్కడికి వెళ్లినా ముందు తేదీ, చోటు, ఉన్నవాళ్ల పేర్లు రాసుకోవడం ఉద్యోగం నాకు నేర్పిన అలవాటు. నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. కర్నూలు-కడప కాలువ మీదే నా సర్వీసంతా గడిచింది. అన్నేళ్లలో పేజీ మధ్యలో వదిలేసింది అదే మొదటిసారి. మిగిలింది ఇప్పుడు రాస్తున్నాను. రాస్తే కాస్త కుదురు దొరుకుతుందని ఒక కారణం. ఇలాంటిదే వచ్చి, ఏమిటో తెలియక, ఆసుపత్రుల చుట్టూ తిరిగేవాళ్ల కంట పడుతుందేమోనన్నది ఇంకో కారణం.

భోజనాల పంక్తిలో కూర్చున్నాను. ఆకులు వేశారు, వడ్డన మొదలు కాలేదు. ఎదురుగా వదిన చెన్నమ్మ ఎవరినో ఆటపట్టిస్తోంది. ఉన్నట్టుండి నా ఎడమచెయ్యి మొద్దుబారింది. గుండె పరుగు అందుకుంది. చుట్టూ ఉన్న మాటలు గోడ అవతలి నుంచి వస్తున్నట్టు సన్నగా వినపడ్డాయి. గాలి లోపలికి పోతోంది గాని చాలడం లేదు. చచ్చిపోతానేమో అన్న అనుమానం కాదు అది. చచ్చిపోతున్నానని నాకు తెలిసింది. తెలియడమే ఆ జబ్బు అని చాలా నెలల తర్వాత గాని అర్థం కాలేదు.

పక్కకు ఒరిగిపోయాను. ప్రసాద్ కారు తేవడానికి పరుగెత్తాడు. లక్ష్మీదేవి నా తల ఒడిలో పెట్టుకుంది. వదిన పట్టుచీర అని చూడకుండా నేల మీద కూర్చుని నా అరికాళ్లు రుద్దడం మొదలుపెట్టింది.

"ఏమప్పా మరిదీ, పిల్ల నచ్చకుంటే నోటితో చెప్పొచ్చు గదా. ఇట్ల పడిపోవాల్నా?"

నవ్వలేకపోయాను. కానీ ఆ గదిలో నాతో మామూలుగా మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే. మిగతావాళ్లందరి ముఖాల్లో నా చావు కనిపిస్తోంది.

నంద్యాలలో చూపించి, అక్కడి నుంచి కర్నూలు తీసుకెళ్లారు. పరీక్షలన్నీ చేశారు. మర్నాడు డాక్టరు కాగితాలు తిరగేసి, "గుండెకేం లేదు పెద్దాయనా. గ్యాసు అయ్యుంటుంది," అని మాత్రలు రాశాడు. మా వాళ్లందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం ఆయన ఏదో చూడకుండా వదిలేశాడనిపించింది.

మార్చి నుంచి జూన్ వరకు, కడప.

మా ఇల్లు కడపలో. మేడ మీద ప్రసాద్, కోడలు, మనవరాలు. కింద మేమిద్దరం. ప్రసాద్‌కు ఊరి బయట నాపరాళ్ల పాలిష్ యూనిట్ ఉంది. పొద్దున పోతే ఒళ్లంతా తెల్లటి దుమ్ముతో చీకటి పడ్డాక వస్తాడు. కోడలు బడిలో టీచరు. పగలంతా ఇంట్లో మేమిద్దరమే.

మార్చిలో అది మళ్లీ వచ్చింది, పెన్షన్ పనికి వెళ్లి వరుసలో నిలబడి ఉండగా. ఏప్రిల్‌లో మంగలి షాపు కుర్చీలో మెడకు గుడ్డ కట్టగానే వచ్చింది. ఆ తర్వాత నేను ఆ వరుసకూ పోలేదు, ఆ షాపుకూ పోలేదు. బజారు మానేశాను. ఉదయపు నడక మానేశాను. వచ్చిన చోటల్లా మూసుకుంటూ వస్తే చివరికి మిగిలింది ఇల్లు. ఇంట్లో కూడా, లక్ష్మీదేవి కనపడే గది.

బీపీ మిషను కొన్నాను. ఇక్కడ నా ఉద్యోగం సంగతి చెప్పాలి. కాలువ మీద నీటిమట్టం చూపే గేజి ఉంటుంది. పొద్దునా సాయంత్రం దాన్ని చూసి రాయాలి. మట్టం పెరిగిందంటే గట్టు కాసే లస్కర్లకు కబురు చేసి షట్టరు దించాలి. ఒక్క పూట చూడకపోతే గట్టు తెగవచ్చు. ఏళ్ల తరబడి ఆ భయంతోనే పనిచేశాను, ఆ భయం వల్లే నా పరిధిలో ఎప్పుడూ గట్టు తెగలేదని గర్వపడ్డాను. ఇప్పుడు నా ఒంటికి అదే పద్ధతి పెట్టాను. పొద్దునా సాయంత్రం బీపీ, నాడి చూసి డైరీలో రాసుకునేవాణ్ణి. తర్వాత మధ్యాహ్నం కూడా. తర్వాత గంట గంటకూ. అంకె కాస్త పెరిగితే కంగారుతో ఇంకా పెరిగేది. పెరిగిందని మళ్లీ చూసేవాణ్ణి. అజాగ్రత్తగా ఉన్నవాణ్ణి కాదు నేను. జాగ్రత్తే నన్ను తినేస్తోందని ఎవరు చెప్పినా నమ్మే స్థితిలో లేను.

లక్ష్మీదేవి వంటింట్లోకి వెళితే పిలిచేవాణ్ణి.

"లక్ష్మీ."

"ఆ, ఈడే ఉండా."

పెరట్లోకి వెళితే పిలిచేవాణ్ణి. స్నానానికి వెళితే గడియ పెట్టుకోవద్దనేవాణ్ణి. ఆమె నీళ్లు పోసుకుంటూ మధ్యమధ్యలో "ఈడే ఉండా" అని అరిచేది. పక్కింటి ఖాజా సాబ్, ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, ఒకరోజు గోడ మీదుగా అన్నాడు:

"ఏం సుబ్బరాయుడన్నా, వదినమ్మ యాడికి పోతాదని అన్నిసార్లు పిలుస్తాండావు? మా ఇంట్లో దాన్ని పిలిస్తే పలికేదే లేదు. కొంచిం మాకు గూడా నేర్పీమను."

నవ్వుతూ అన్నాడు. ఆ సాయంత్రం లక్ష్మీదేవి నవ్వలేదు. మే ఎండల్లో, ఆ ఉక్కలో, తలుపులు తీసిన స్నానాల గదిలో ఆమె ఎట్లా ఉండేదో నేను అడగలేదు.

వేసవంతా వెయిటింగ్ హాళ్లలో గడిచింది. కడపలో ఇద్దరు గుండె డాక్టర్లు, తిరుపతిలో ఒకరు, కర్నూలులో మళ్లీ. ఇనుప కుర్చీలు, గోడకు వేలాడే టీవీలో శబ్దం లేని వార్తలు, నా పేరు ఎప్పుడు పిలుస్తారా అని చెవులు నిక్కబొడుచుకోవడం. నిజం చెప్పాలంటే ఆ హాళ్లలోనే నాకు ప్రాణం హాయిగా ఉండేది. ఇక్కడ పడిపోతే పట్టుకునేవాళ్లు ఉన్నారు కదా. డాక్టరు "ఏమీ లేదు" అన్న మాట ఇల్లు చేరేదాకా పనిచేసేది. మర్నాటికి చెల్లేది కాదు.

జూన్‌లో ఒక రిపోర్టు చూసి ప్రసాద్ ఓపిక పోయింది.

"నాయినా, ఇంగ ఎంతమంది చెప్పల్ల నీకు? గుండెలో ఏం లేదంటాండారు గదా."

"ఏం లేకుంటే ఇది యాడ నుంచి వస్తాంది?"

"నాకేం తెలుసు? యూనిట్‌లో మనుషులు లేరు, మిషన్లు ఆగిపోతాండాయి. నీ ఫోను వచ్చినప్పుడల్లా ఆడ పని ఇడిసి పరిగెత్తుతాండా. నువ్వు సచ్చిపోతాండావో, ఊరికే చేస్తాండావో తెలీక."

అని వెంటనే తల వంచుకున్నాడు. వాడి కళ్లలో నీళ్లు చూశాను. నాకు కోపమూ రాలేదు, ఓదార్పు మాటా రాలేదు. ఆ క్షణంలో కూడా నా వేళ్లు మణికట్టు మీదే ఉన్నాయి, నాడి చూసుకుంటూ.

జులై, ఆగస్టు.

జులైలో చెన్నమ్మ వదినకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. ఆసుపత్రి నుంచి బద్వేలు ఇంటికి తెచ్చారు. లక్ష్మీదేవికి తల్లి చిన్నప్పుడే పోయింది. అన్నం పెట్టి, జడ వేసి, బడికి పంపి, పెళ్లి చేసింది ఈ అక్కే. కడప నుంచి బద్వేలు పెద్ద దూరమేమీ కాదు. పొద్దున బస్సెక్కితే ఎండ ముదరకముందే చేరవచ్చు.

ఇద్దరం కలిసి పోదామన్నాను. బస్టాండు దాకా వెళ్లాం. ప్లాట్‌ఫారం మీద జనం, డీజిలు వాసన, బస్సు లోపలి ఇరుకు. దారిలో లంకమల అడవి ఉంటుంది, అక్కడ అది వస్తే ఆసుపత్రి ఉండదు. అంతే, ఆ ఆలోచన చాలింది. చెమటలు పట్టి బెంచీ మీద కూలబడ్డాను. ఆటోలో వెనక్కి వచ్చేశాం. లక్ష్మీదేవి అక్క కోసం కట్టుకున్న రాగిముద్ద, చెనిక్కాయల పచ్చడి విప్పి, నాకే మధ్యాహ్నం పెట్టింది. ఆమె తినలేదు.

ఆగస్టులో ఆమె ఒక్కతే బయల్దేరింది. ప్రసాద్ పని మానుకుని నాతో ఉన్నాడు. బస్సు కదిలిందని ఆమె ఫోను చేసింది. చేసిన కాసేపటికే నాకు మొదలైంది. ప్రసాద్ పక్కనే ఉన్నాడు. అయినా లాభం లేకపోయింది, నాకు కావలసింది ఆమె. "అమ్మను పిలువురా," అన్నాను. వాడు వద్దన్నాడు. నేను నేల మీద పడుకుని రొమ్ము పట్టుకున్నాను. వాడు ఫోను చేశాడు. ఆమె దారిలో భాకరాపేటలో దిగి, రోడ్డు దాటి, ఎదురు బస్సు కోసం ఎండలో నిలబడి తిరిగి వచ్చింది.

లోపలికి వచ్చి చెప్పులు విడిచింది.  చేతిసంచి లోపల పెట్టి, ముఖం కడుక్కుని, "ఈడే ఉండా," అంది. నేను పిలవకుండానే.

సెప్టెంబరు, కర్నూలు.

ఆమె అలా వెనక్కి వచ్చిన వారంలోనే ప్రసాద్, ఖాజా సాబ్ కలిసి నన్ను మళ్లీ కర్నూలు తీసుకెళ్లాలని నిర్ణయించారు. కర్నూలులో చివరిసారి చూసిన గుండె డాక్టరు అప్పుడే ఒక చీటీ రాసిచ్చాడు, మానసిక విభాగానికి వెళ్లమని. ఆ చీటీని నేను దాచేశాను. ఆయన దాన్ని ప్రసాద్‌కు కూడా ఫోటో తీసి పంపినట్టు నాకు తెలియదు. నేను పిచ్చివాణ్ణి కాదన్నాను. ఖాజా సాబ్ గేటు దగ్గర నిలబడి, "నేనూ వస్తాలే అన్నా, ఇద్దరం పిచ్చోళ్లమని చెప్పుకుందాం," అన్నాడు. నిజంగానే కారులో ముందు సీట్లో కూర్చుని కర్నూలు దాకా వచ్చాడు.

ఆ విభాగం ముందు వసారాలో బెంచీ. ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తారేమోనని కండువా ముఖం మీదికి లాక్కున్నాను. పక్కన ఒక ముసలామె, కోడుమూరు వైపు నుంచట, కొడుకును తెచ్చింది. ఆమె కొంగుముడి విప్పి జామకాయ రెండు ముక్కలు చేసి, ఒకటి నా చేతిలో పెట్టింది. "తినప్పా. ఈడ శానాసేపు కూచోవల్ల," అంది. ఏం జబ్బని అడగలేదు. ఆ బెంచీ మీద ఎవరూ ఎవరినీ అడగడం లేదని అప్పుడు గమనించాను. కండువా దించేశాను.

పెద్ద డాక్టరు చూసి, ఇది గుండె జబ్బు కాదు, భయపు జబ్బని చెప్పి, ఒక మాత్ర రాసి, మాధవి అనే అమ్మాయి దగ్గరికి పంపాడు. ఆమె మానసిక చికిత్స చేస్తూ, నా వయసువాళ్లలో ఈ భయం మీద పరిశోధన కూడా చేస్తోంది. సొంతూరు కోయిలకుంట్ల దగ్గరే. ముందుగా ఆమె చెప్పిన మాట నాకు నచ్చింది.

"సార్, ఒకటి ముందే చెప్పల్ల. మాటలతో, అలవాట్లు మార్చి చేసే ఈ పద్ధతి వయసులో ఉండేవాళ్లకు బాగా పనిచేస్తాది. మీ వయసోళ్ల సంగతి మేం ఇంకా నేర్చుకుంటాండాం. అందుకే అడిగి రాసుకుంటాం. మీరు మా పరిశోధనలోకి రానంటే వద్దు, వైద్యం మాత్రం ఆగదు."

తెలియనిది తెలియదని చెప్పిన మొదటి వైద్యురాలు ఆమె. సంతకం పెట్టాను. నా బీపీ అంకెలు చూపించాను. ఆమె శ్రద్ధగా చూసింది. గేజి సంగతి చెబితే ఇంకా శ్రద్ధగా విన్నది.

"కాలువలో మట్టం పెరిగితే ఏం చేస్తాంటిరి సార్?"

"షట్టరు దించుతాంటిమి."

"ఈడ అంకె పెరిగితే ఏం దించుతాండారు?"

నా చూపు తలుపు వైపు పోయింది. అక్కడ కుర్చీలో లక్ష్మీదేవి ఉంది. మాధవి కూడా ఆమె వైపు చూసింది. 

తర్వాత చెప్పింది. భయం కూడా పెరుగుతుంది, కాని దానికి తెగే గట్టు లేదు, ఎవరూ ఏమీ చేయకపోయినా ఒక ఎత్తుకు వెళ్లి దిగుతుంది. నేను ప్రతిసారీ అది దిగేలోపే ఏదో ఒకటి పట్టుకున్నాను: మిషను, మాత్ర, ఆసుపత్రి, భార్య. అందుకే అవే నన్ను బతికించాయని నమ్మాను. దాని అంతట అది దిగడం ఒక్కసారి కూడా చూడలేదు. చూడాలంటే దాన్ని రానివ్వాలి.

గుండె డాక్టరు సరేనన్నాక, కావాలనే మెట్లెక్కించింది. గుండె దడదడలాడింది. కూర్చోబెట్టి, నాడి పట్టుకోవద్దంది. చేతులు తొడల మీద పెట్టుకుని కూర్చోమంది. నాకు ఒళ్లు మండిపోయింది. డబ్బాలో రాళ్లు వేసి ఊపినట్టు నన్ను ఊపి, ఊరికే కూర్చోమంటుందా అని. కళ్లు మూసుకోబోతే, "కండ్లు తెరవండి సార్, ఏం జరుగుతాందో చూడండి," అంది. చూశాను. తగ్గింది. నేనేమీ చేయకుండానే తగ్గింది. సంతోషం కలగలేదు. ఇన్ని నెలలు దేని కోసం అన్న ఆలోచన వచ్చి నోరు చేదెక్కింది.

అక్టోబరు, కడప.

ఇంట్లో చేయవలసిన పనులు ఇచ్చింది. బీపీ మిషను ఖాజా సాబ్ ఇంటికి వెళ్లిపోయింది. నేను పిలిస్తే లక్ష్మీదేవి పలకకూడదు. ఆమె ఇల్లు విడిచి వెళ్లే సమయం కొంచెం కొంచెంగా పెంచాలి: వీధి చివర కొట్టు, తర్వాత బజారు, తర్వాత ఒక పూట, ఆఖరున ఒక రాత్రి.

పలకకపోవడం నాకంటే ఆమెకు కష్టమైంది. మొదటి రోజు నేను పిలిచాను. నిశ్శబ్దం. మళ్లీ పిలిచాను. లేచి వెళ్లి చూస్తే వంటింట్లో గోడకు ఆనుకుని, కొంగు చెవులకు అదుముకుని నిలబడి ఉంది.

"నన్ను పిలవొద్దయ్యా. పిలిస్తే నా ప్రాణం లాగుతాంది. ఆ బిడ్డ పలకొద్దనింది."

ఆ రోజు తర్వాత తక్కువగా పిలిచాను. మానేశానని చెప్పను.

ఒక రోజు బాగుండేది, రెండు రోజులు బాగుండేది కాదు. అక్టోబరు మధ్యలో, ఆమె బజారుకు పోయినప్పుడు వీధిలోకి పరుగెత్తి, ఎవరినో ఆసుపత్రికి తీసుకెళ్లమని బతిమాలాను. ఆ వారం డైరీలో ఒకే మాట ఉంది: "వృథా." ఇలాంటి వారం అందరికీ వస్తుందని మాధవి ఫోనులో చెప్పింది. అది కూడా పరిశోధనలో రాసుకుంటారా అని అడిగాను. "రాసుకుంటాం సార్. బాగైనోళ్లవి మాత్రమే రాసుకుంటే అది అబద్ధం అయితాది," అంది.

ఈలోగా బద్వేలు నుంచి గంగాధర్ ఫోన్లు. సెప్టెంబరులో వదిన ఫోనులో రెండు మాటలు మాట్లాడేది. "లచ్చిమీ, ఎప్పుడొస్తావే," అని అడిగేది. అక్టోబరులో మాట తడబడింది. నెలాఖరున ఇంకోసారి పక్షవాతం వచ్చింది. నవంబరు రెండో వారంలో గంగాధర్ అన్నాడు:

"చిన్నమ్మా, నేను దాచిపెట్టేది ఏం లేదు. మనుషుల్ని మరిసిపోతాంది. నన్ను ఒకోసారి మా నాయిన అనుకుంటాంది. ఇంగా నీ పేరు తలుస్తాంది. తొందరగా రా."

వదినను ఇక్కడికి తేవడానికి లేదు, కదిలించవద్దన్నారు. కారులో నన్ను కూడా తీసుకెళతానని ప్రసాద్ అన్నాడు. లంకమల దారి తలచుకుని నేను అడ్డం పడ్డాను. నాకు ఇంకొక్క నెల కావాలన్నాను. ఆఖరి మెట్టు రాత్రి కదా, పూట దాకా కూడా నేను సరిగా రాలేదన్నాను. క్రమం తప్పకూడదని వాదించాను. నా క్రమశిక్షణంతా అక్కడ అడ్డుగా పెట్టాను.

లక్ష్మీదేవి వింటూ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట కింద పెట్టింది.

"నేను ఆదివారం పోతాండా. రాత్రి ఆడ ఉండి సోమవారం వస్తా. నీకు ఏమన్నా అయితే అయితాది. నాకు తెలీదు. ఫోను చేసినా నేను బస్సు దిగను."

గొంతు పెంచలేదు. చేట తీసుకుని మళ్లీ రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. పెళ్లైన ఇన్నేళ్లలో ఆమె నాకు చెప్పకుండా వెళ్లిన చోటు లేదు, నన్ను కాదని వెళ్లిన చోటు అసలే లేదు.

మాధవికి ఫోను చేశాను. వద్దంటుందని ఆశ. "అమ్మ చెప్పింది సరైందే సార్. పైన మీ అబ్బాయి వాళ్లు కూడా ఆ రోజు ఉండకుంటే మేలు," అంది.

నవంబరు 17, ఆదివారం.

బస్సు వద్దని ప్రసాద్ తల్లిని కారులో బద్వేలులో దింపి, రాత్రికి కోడలి పుట్టింటికి పోయేలా ఏర్పాటు. మేడ మీద తాళం పడింది. కారు ఎక్కుతూ లక్ష్మీదేవి నా వైపు చూసింది. "అన్నం, పప్పు ఉండాది. చారు కాచుకో," అంది. అంతే.

మధ్యాహ్నం దాకా పనులు పెట్టుకున్నాను. పాత డైరీలు ఎండలో పెట్టాను. చొక్కాలు ఉతుక్కున్నాను. పొద్దు వాలే వేళకు పనులు అయిపోయాయి. వసారాలో కూర్చున్నాను. అప్పుడు వచ్చింది.

అరికాళ్ల నుంచి మొదలై పైకి పాకింది. ఎడమచెయ్యి మొద్దు. గొంతులో ముద్ద అడ్డుపడినట్టు. ఇంట్లో ఎవరూ లేరన్న సంగతి ఒక శబ్దంలా ఉంది, చెవుల్లో హోరు. ఫోను బల్ల మీద ఉంది. దాన్ని లోపలి గదిలో పెట్టి రావడానికి లేచాను. గుమ్మం దగ్గర కాళ్లు ఆగిపోయాయి. ఇక్కడే పడితే పొద్దున ప్రసాద్ వచ్చేదాకా ఎవరికీ తెలియదు. లక్ష్మీదేవి వచ్చి చూస్తుంది. వాసన వస్తుందా అని కూడా ఆలోచించాను. ఈ సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది, కాని ఇలాంటి ఆలోచనలే వస్తాయి, వచ్చినవాళ్లు తాము ఒక్కరమే అనుకోకూడదని రాస్తున్నాను.

ఫోను లోపల పెట్టి వచ్చి కూర్చున్నాను. చేతులు తొడల మీద. గేటు వైపు చూస్తూ. ఇది పెరుగుతుంది, పెరగనీ అనుకున్నాను. ధైర్యంతో కాదు. ఆమె బస్సు దిగనన్నది కదా, పిలవడానికి ఎవరూ లేరు కాబట్టి.

గేటు చప్పుడైంది. ఖాజా సాబ్, చేతిలో మూతపెట్టిన గిన్నె.

"అన్నా, నేను లోపలికి రాకూడదంట గదా. ఆ మాధవమ్మ మా ఇంటికి గూడా ఫోను చేసి ఆర్డరేసింది. సేమియా ఉండాది, గోడ మీద పెడతాండా." నా ముఖం చూశాడు. గిన్నె పెట్టి కూడా కదల్లేదు. "పోవాల్నా?"

ఉండమనడానికి నోరు తెరిచాను.

"పో సాబ్," అన్నాను.

ఆయన చెప్పుల చప్పుడు దూరమైంది. నేను వణికాను. ఎంతసేపో చూడలేదు. గడియారం చూడొద్దని కూడా మాధవి చెప్పింది. వీధి దీపాలు వెలిగాయి. ఎదురింటి పిల్లలు పుస్తకాలు ముందేసుకుని పెద్దగా చదువుతున్నారు. వాళ్లు ఏ పాఠం చదువుతున్నారో వినడం మొదలుపెట్టానని కాసేపటికి గమనించాను. పాఠం వినపడుతోందంటే హోరు తగ్గిందన్నమాట. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. లేచి గిన్నె తెచ్చుకుని సేమియా తిన్నాను. చల్లారిపోయి ఉంది.

రాత్రి నిద్ర పట్టింది. అంత సులువుగా ఎట్లా పట్టిందో తెలియదు.

సోమవారం, పొద్దున.

కళ్లు తెరిచేసరికి వెలుగొచ్చేసింది. మంచం మీద కూర్చుని, ఈ సంగతి ముందు ఎవరికి చెప్పాలా అని ఆలోచించాను. చాలా రోజుల తర్వాత నాలో కొంచెం ఉత్సాహం. ఫోను తెచ్చుకునేలోపే మోగింది. లక్ష్మీదేవి.

"తిన్నావా రాత్రి?"

"తిన్నా. నిద్ర గూడా పట్టింది. అక్క ఎట్లుండాది?"

 వెనక ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు.

"పక్కన కూచున్నా. చెయ్యి పట్టుకున్నా. 'ఎవురమ్మా నువ్వు, యాడ నుంచి వచ్చినావు?' అనింది. కడప నుంచి అన్నా."

"ఊ."

"'కడపలో మా చెల్లెలు ఉండాది, నీకు తెలుసా?' అనింది. తెలుసు అన్నా."

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"'దాన్ని ఒకసారి రమ్మని చెప్పు' అనింది. చెప్తాలే అన్నా."

ఏడవడం లేదు ఆమె. ఎవరో మూడో మనిషి సంగతి చెబుతున్నట్టు చెప్పింది. సెప్టెంబరు గురించి గాని, ఆగస్టు గురించి గాని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

"మధ్యాహ్నం బస్సుకు వస్తా," అంది.

"వద్దు. ఉండు."

"ఏంది?"

"ఈ వారం ఉండు. స్నానం చేయించు, జడ వెయ్యి. నేను ఉంటా."

"ఉంటావా?"

అప్పటికే నా ఎడమచెయ్యి తిమ్మిరి మొదలైంది.

"ఉంటా," అన్నాను.

 "సరే అయితే," అని ఫోను పెట్టేసింది. నేను చొక్కా వేసుకుని, ఇంటికి తాళం వేసి, పాల ప్యాకెట్టు కోసం వీధి చివరికి నడిచాను.